రెండుసార్లు ఆగిపోయిన నడక: కాళ్ల నొప్పి లేకుండా మళ్లీ మొదలుపెట్టడం ఎలా?

ప్రశ్న: నాకు 48 ఏళ్లు. హైదరాబాదులోని యూసుఫ్‌గూడలో ఉంటాను. ప్రైవేటు పాఠశాలలో ఉపాధ్యాయురాలిని, రోజులో ఐదారు గంటలు నిలబడే ఉంటాను. జనవరిలో చేయించుకున్న పరీక్షలో హెచ్‌బీఏ1సీ (గత రెండు మూడు నెలల సగటు షుగర్‌ను చూపే కొలత) 6.1 వచ్చింది. మందులు ఇప్పుడే అక్కర్లేదు, రోజూ నడవండి అని డాక్టరు గారు చెప్పారు. సంక్రాంతి వెళ్లాక మా వదినగారితో కలిసి జూబ్లీ హిల్స్ చెక్‌పోస్ట్ ఎత్తు ఎక్కి, కేబీఆర్ పార్కు చుట్టూ ఒక చుట్టు తిరిగి రావడం మొదలుపెట్టాను. ఐదో రోజుకు రెండు కాళ్లలోనూ మోకాలి కింద ముందు ఎముక వెంట నొప్పి వచ్చి ఆపేశాను. ఉగాది తరువాత మళ్లీ మొదలుపెడితే మొదటి రెండు వారాలు హాయిగా సాగింది, మూడో వారంలో మడమ పట్టేసింది. బడులు తెరిచాక మూడోసారి మొదలుపెట్టాను. ఇప్పుడు పొద్దున మంచం దిగి మొదటి అడుగు వేయగానే మడమలో మేకు దిగినట్టు ఉంటుంది, కాసేపు ఇంట్లో తిరిగితే తగ్గుతుంది. నొప్పి మాత్ర వేసుకుని నడుస్తున్నాను. ఫోను మాత్రం పదివేల అడుగులు పూర్తి కాలేదని రోజూ గుర్తు చేస్తోంది. నా ఒంటికి నడక పడదేమో అనిపిస్తోంది. ఏం చేయమంటారు?

సమాధానం: అమ్మా, ముందుగా మీ చివరి అనుమానానికే జవాబు చెబుతాను, ఎందుకంటే దాన్ని మనసులో పెట్టుకుని చదివితే మిగతా మాటలేవీ తలకెక్కవు. మీ ఒంటికి నడక పడుతుంది. జనవరిలో వచ్చిన ఎముక నొప్పి, వేసవిలో మొదలై ఇప్పుడు ముదిరిన మడమ నొప్పి వేర్వేరు చోట్ల వచ్చినా వాటి మూలం ఒకటే. నడక అలవాటు లేని కాళ్లతో మొదటి రోజునే మీరు దాదాపు రెండు గంటల నడక నడిచారు. కేబీఆర్ పార్కు బయటి నడకదారి ఒక్క చుట్టే ఐదు కిలోమీటర్లకు పైన ఉంటుంది. దానికి ముందు యూసుఫ్‌గూడ నుంచి చెక్‌పోస్ట్ దాకా ఎత్తు ఎక్కడం, తరువాత అదే ఎత్తు దిగడం ఉన్నాయి. ఏళ్ల తరబడి నడుస్తున్నవారికి అది మామూలు ఉదయం కావచ్చు. మీ వదినగారు వాళ్లలో ఒకరై ఉంటారు. ఆమె వెంట నడవడంలో తప్పు లేదు గాని, ఆమె నడిచినంతా మొదటి రోజునే నడవాలనుకోవడం వల్లనే ఈ చిక్కు వచ్చింది.

మీ ఉత్తరంలో నన్ను ఎక్కువగా ఆపిన వాక్యం మరొకటి ఉంది. రెండోసారి మొదలుపెట్టినప్పుడు రెండు వారాలు హాయిగా సాగి, మూడో వారంలో మడమ పట్టేసిందన్నారు. నా దగ్గరకు కాళ్ల నొప్పులతో వచ్చేవారిలో చాలామంది సరిగ్గా ఇదే చెబుతారు, దానికి కారణం తెలిస్తే ఇక మీరు దారి తప్పరు. నడక మొదలుపెట్టిన పది పదిహేను రోజుల్లో ఆయాసం తగ్గుతుంది, గుండె కొత్త పనికి త్వరగా అలవాటు పడుతుంది, కండరాలు కూడా కొద్ది వారాల్లో పుంజుకుంటాయి. కాని కండరాన్ని ఎముకకు పట్టి ఉంచే స్నాయువులకు, అరికాలి కింద మడమ నుంచి వేళ్ల దాకా సాగిన గట్టి పొరకు రక్త ప్రసరణ తక్కువ కాబట్టి అవి బలపడటానికి వారాలు చాలవు, నెలలు కావాలి. ఎముక సంగతి ఇంకా ఆశ్చర్యంగా ఉంటుంది: కొత్త భారం పడినప్పుడు అది ముందు తనలోని పాత భాగాన్ని కొంత తొలగించుకుని, ఆ తరువాతే అక్కడ కొత్త ఎముకను పోసుకుంటుంది. ఇల్లు బాగుచేసేటప్పుడు ముందు పాత గోడ పడగొట్టినట్టే ఇదీ. అందువల్ల ఊపిరి బాగా ఆడుతోంది, ఒళ్లు తేలికగా ఉంది, ఇంకొంచెం వేగం పెంచుదాం అని మనసుకు అనిపించే మూడో వారమే, కాళ్లలోని ఎముకలూ స్నాయువులూ ఇంకా సిద్ధం కాని సమయం. ఎంత పెంచాలన్నది మీ ఊపిరిని అడిగి నిర్ణయించకండి, మరునాటి ఉదయం మీ కాళ్లను అడిగి నిర్ణయించండి.

దీనికి మన ఊరి నేల కూడా తోడైంది. హైదరాబాదు రాతి గుట్టల మీద పెరిగిన నగరం. బంజారా హిల్స్, జూబ్లీ హిల్స్ అనే పేర్లలోనే గుట్టలున్నాయి, కాబట్టి మీ వైపు ఏ వీధి పట్టుకున్నా ఎత్తో పల్లమో తగులుతుంది. ఎత్తు ఎక్కేటప్పుడు పిక్కకు, మడమ వెనుక స్నాయువుకు పని పెరుగుతుంది, పిక్క బిగుసుకుపోతే అది మడమను వెనక్కి లాగి అరికాలి పొర మీద భారం పెంచుతుంది. దిగేటప్పుడు తొడ ముందు కండరానికీ మోకాలికీ పని ఎక్కువ, పాదం టపటపా నేల మీద పడకుండా ఆపడానికి మోకాలి కింద ముందువైపు ఉండే కండరం ప్రతి అడుగుకూ బిగబట్టుకోవాలి. జనవరిలో ఎముక వెంట వచ్చిన నొప్పిలో ఆ దిగుడుకు పెద్ద వాటా ఉందని నా అభిప్రాయం. దానికి తోడు రోజుకు ఐదారు గంటలు తరగతి గదిలో నిలబడటం ఉంది. నిలబడటం విశ్రాంతి కాదు. మీ పాదాలు ఆ పని ఎలాగూ చేస్తున్నాయి, నడక దాని మీద అదనంగా పడుతోంది. ఈ లెక్క మీ వదినగారికి వర్తించకపోవచ్చు, మీకు వర్తిస్తుంది.

ఇక ఇప్పటి మడమ నొప్పి. మంచం దిగగానే మొదటి అడుగుకు మేకు దిగినట్టు ఉండి, కాసేపు తిరిగాక తగ్గడం అన్నది ప్లాంటార్ ఫాషియైటిస్‌కు, అంటే అరికాలి పొర మడమను పట్టుకునే చోట వచ్చే బాధకు, సాధారణంగా కనిపించే గుర్తు. రాత్రంతా పాదం వాలి ఉండటం వల్ల ఆ పొర కుదించుకుని ఉంటుంది, లేచి ఒక్కసారిగా బరువు మోపగానే అది సాగి నొప్పి పుడుతుంది. చూడకుండా రోగనిర్ధారణ చేయకూడదు కాబట్టి ఒకసారి ఎముకల డాక్టరుకు గాని ఫిజియోథెరపిస్టుకు గాని చూపించుకోండి. కాని ఈ లోగా చేయదగినవి ఉన్నాయి, అవి ఎవరికీ హాని చేయనివే. పొద్దున మంచం దిగక ముందే కూర్చుని, కాలి వేళ్లను చేత్తో పట్టుకుని మోకాలి వైపు మెల్లగా లాగి పది లెక్కపెట్టేదాకా ఉంచండి, ఒక్కో కాలికి పదిసార్లు చేయండి. గోడకు రెండు చేతులూ ఆనించి, నొప్పి ఉన్న కాలిని వెనక్కి చాపి, మడమ నేలకు ఆనించి, ముందు కాలి మోకాలు వంచితే వెనుక పిక్క సాగుతుంది. అలా 30 సెకన్ల చొప్పున మూడుసార్లు, రోజుకు రెండు పూటలా చేయండి. సాయంత్రం బడి నుంచి వచ్చాక ఫ్రిజ్‌లో పెట్టిన నీళ్ల సీసాను అరికాలి కింద పెట్టి ఐదు నిమిషాలు దొర్లించండి.

అన్నిటికంటే ముఖ్యమైనది, మన ఇళ్లలో ఎవరూ పట్టించుకోనిది మరొకటి ఉంది. మార్బుల్, టైల్స్, గ్రానైట్ నేలల మీద ఉదయం నుంచి రాత్రి దాకా ఒట్టి కాళ్లతో తిరుగుతాం, వంటగదిలో గంటల తరబడి అలాగే నిలబడతాం. పూర్వం మట్టి నేల మీద, వాకిట్లో ఒట్టి కాళ్లతో తిరగడానికీ దీనికీ పోలిక లేదు. ఇంట్లో చెప్పులు వేసుకోకూడదన్న పట్టింపు నాకు తెలుసు, దాన్ని నేను తక్కువ చేయడం లేదు. కాని గడప దాటనివి, ఇంటికి మాత్రమే వాడేవి, అడుగు మెత్తగా ఉండి మడమ కాస్త ఎత్తుగా ఉండే చెప్పులు ఒక జత తీసుకోండి. దేవుడి గది తప్ప మిగతా ఇల్లంతా వాటితోనే తిరగండి. ఒక్క ఈ మార్పుతోనే మడమ నొప్పి సగానికి దిగినవారిని నేను చూశాను.

ఈ మడమ సంగతి చక్కబెట్టడానికి రెండు వారాలు తీసుకోండి, ఆ రెండు వారాలు పార్కు వైపు వెళ్లవద్దు. నడక మానేస్తే షుగర్ సంగతేమిటని మీరు కంగారు పడతారు, పడనక్కర్లేదు. మీకు నడక చెప్పింది షుగర్ కోసం కాబట్టి, దానికి బాగా పనికివచ్చే నడక భోజనం తరువాతి చిన్న నడక. పని చేస్తున్న కండరం ఇన్సులిన్ సాయం అంతగా లేకపోయినా రక్తంలోని చక్కెరను తనలోకి లాక్కోగలదు. అందుకే తిన్న తరువాత పది పదిహేను నిమిషాలు మెల్లగా నడిస్తే, అన్నం తిన్నాక పెరిగే చక్కెర తక్కువ ఎత్తుకే ఆగుతుంది. బడిలో మధ్యాహ్న భోజనం అయ్యాక వరండాలో పది నిమిషాలు, రాత్రి భోజనం అయ్యాక అపార్టుమెంటు సెల్లారులోనో వీధిలోనో పది నిమిషాలు, ఇస్త్రీ చేసిన చీర నలగనంత నెమ్మదిగా నడవండి. అప్పుడు మడమ మొరాయిస్తే ఐదు నిమిషాలకే ఆపండి. ఒక విడతలో పది నిమిషాలైనా చేయనిది లెక్కలోకి రాదన్న పాత నియమాన్ని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020 మార్గదర్శకాల్లో తొలగించింది కూడా.

రెండు వారాల తరువాత, పొద్దున మొదటి అడుగు నొప్పి బాగా తగ్గిందని తేలాక, ఉదయపు నడక మొదలుపెట్టండి. మొదటి వారం వారానికి ఐదు రోజులు, రోజుకు పది నిమిషాలు మాత్రమే, చదునైన చోట. పది నిమిషాలకు చెమట కూడా పట్టదు, ఇదేం నడక అనిపిస్తుంది, అలా అనిపించడమే మంచిది. రెండో వారం పన్నెండు నిమిషాలు, మూడో వారం పద్నాలుగు. నాలుగో వారం ఏమీ పెంచకుండా పద్నాలుగు దగ్గరే ఉండండి, ఆ వారం ఎముకలదీ స్నాయువులదీ. తరువాత మళ్లీ మూడు వారాల పాటు వారానికి రెండేసి నిమిషాలు పెంచి, నాలుగో వారం ఆగండి. ఇలా వెళ్తే పద్నాలుగు వారాలకు, అంటే సుమారుగా దీపావళి నాటికి, అరగంటకు చేరుతారు. అరగంట చొప్పున ఐదు రోజులు అంటే వారానికి 150 నిమిషాలు. పెద్దవాళ్లకు ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పే కనీస కొలత అదే. పరుగెత్తి పాలు తాగడం కంటే నిలబడి నీళ్లు తాగడం మేలని మన పెద్దలు అన్నది ఇలాంటి సందర్భానికే. జనవరి నుంచి ఇప్పటి దాకా మీరు నిజంగా నడిచిన రోజులు లెక్క వేసుకుంటే, ఈ నెమ్మది పద్ధతి అసలు నెమ్మదే కాదని మీకే తెలుస్తుంది.

పెంచే వరుస ఒకటి ఉంది, అది మారకూడదు. ముందు సమయం, అరగంట నిలకడగా కుదిరాక వేగం, ఆ తరువాత మాత్రమే ఎత్తుపల్లాలు. ఒకే వారంలో రెండింటిని పెంచవద్దు. పండగకో జ్వరానికో వారం రోజులు ఆగిపోతే, ఆగిన చోట నుంచి కాకుండా రెండు వారాల వెనుక ఉన్న కొలత నుంచి మళ్లీ మొదలుపెట్టండి. మనిషి ఇక్కడ నిరుత్సాహపడతాడు, మొత్తం పోయిందనుకుంటాడు. వారం ఆగినంత మాత్రాన కాళ్లు నేర్చుకున్నది పోదు.

నొప్పిని ఎలా చదవాలో తెలుసుకోవడం కూడా ముఖ్యం. నడిచిన మరునాడో ఆ మరునాడో రెండు పిక్కల్లోనూ, తొడల్లోనూ సమానంగా వచ్చే మొద్దు నొప్పి, కండరం కొత్త పని నేర్చుకుంటున్నప్పటి సలుపు. రెండు మూడు రోజుల్లో తనంతట తనే పోతుంది, కాపడం పెట్టుకుంటే హాయిగా ఉంటుంది. నొప్పిని పదికి ఎన్ని మార్కులో వేయండి, అది మీకు అలవాటైన పనే. నడుస్తుండగా రెండు మూడు మార్కులకు మించకుండా, మరునాటి ఉదయానికి మామూలు స్థితికి వచ్చేది భరించదగినది. నాలుగు దాటినా, కుంటుతూ నడవాల్సి వచ్చినా ఆ రోజు అక్కడితో ఆపి ఆటో ఎక్కి ఇంటికి వెళ్లండి. మరునాడు పొద్దున నిన్నటి కంటే ఎక్కువగా ఉంటే ఒక వారం వెనక్కి తగ్గండి. ఇలా చదవాలంటే నొప్పి మనకు తెలియాలి కదా. అందుకే నడక ముందు మాత్ర వేసుకోవడం వెంటనే మానేయమని మరీ మరీ కోరుతున్నాను. ఆ మాత్ర దెబ్బను మాన్పడం లేదు, దెబ్బ తగులుతున్న సంగతి మీకు తెలియకుండా చేస్తోంది, రోజూ వాడితే కడుపుకూ మూత్రపిండాలకూ చేటు.

ఫోను చెప్పే పదివేల అడుగుల గురించి ఒక మాట. ఆ అంకె వైద్య పరిశోధన నుంచి పుట్టింది కాదు. 1964 టోక్యో ఒలింపిక్స్ తరువాత, 1965లో జపాన్‌లో ఒక సంస్థ అడుగులు లెక్కపెట్టే పరికరాన్ని అమ్మకానికి తెచ్చి దానికి 'మాన్‌పో-కే' అని పేరు పెట్టింది, ఆ మాటకు పదివేల అడుగుల మీటరు అని అర్థం. గుండ్రని అంకె కాబట్టి లోకమంతా నిలిచిపోయింది. దాన్ని అందుకోలేదని మిమ్మల్ని మీరు నిందించుకోవద్దు, వీలైతే ఆ గుర్తు చేసే సదుపాయాన్నే ఆపేయండి. అడుగులకు బదులు నిమిషాలు లెక్కపెట్టండి.

ఎలా నడవాలన్నదానికి పెద్ద శాస్త్రం అక్కర్లేదు. మొదటి మూడు నిమిషాలు, చివరి మూడు నిమిషాలు బజారులో కూరగాయలు చూస్తూ నడిచినట్టు నడవండి. మధ్యలో వేగం పెంచాలనుకున్నప్పుడు అడుగు చాపవద్దు, అడుగుల సంఖ్య పెంచండి. పొడుగు అడుగు వేస్తే మడమ ఒంటికి చాలా ముందు పడి, ఆ దెబ్బ నేరుగా మోకాలి కింద ఎముకకు తగులుతుంది. నిమిషానికి సుమారు నూరు అడుగులు పడితే అది మధ్యస్థమైన వేగం. పక్కనున్న వదినగారితో మాట్లాడగలగాలి, పాట మాత్రం పాడలేకపోవాలి, ఆ వేగం చాలు. రోడ్డు అంచు వెంట నడిచేటప్పుడు, వాన నీరు పోవడానికి రోడ్డును పక్కకు వాలుగా వేస్తారు కాబట్టి, ఒక కాలు ఎప్పుడూ పల్లంలో పడుతుంది. వెళ్లిన వైపునే తిరిగి వస్తే ఆ భారం రెండో కాలికి మారుతుంది.

బూట్లు ఖరీదైనవి కానక్కర్లేదు, సరైనవి కావాలి. సాయంత్రం పూట కొనండి, ఎందుకంటే రోజంతా నిలబడ్డాక పాదం కాస్త ఉబ్బి ఉంటుంది. పొడుగైన వేలికి ముందు బొటనవేలి వెడల్పు ఖాళీ ఉండాలి. మడమ వెనుక భాగాన్ని వేళ్లతో నొక్కితే లోపలికి పోకుండా గట్టిగా ఉండాలి. బూటు వేళ్ల దగ్గర వంగాలి గాని మధ్యలో రెండుగా మడతపడకూడదు. హవాయి చెప్పులతో నడక వద్దు. బడిలో నిలబడేటప్పుడు కూడా ఇలాంటి బూట్లే వేసుకోగలిగితే మీ మడమకు చాలా మేలు. చీర కింద బూట్లేమిటని సంకోచించకండి, మన పార్కుల్లో ఉదయాన్నే చూస్తే ఎందరో అలా వచ్చేవారే.

మొదటి రెండు మూడు నెలలు కేబీఆర్ వద్దు. కృష్ణకాంత్ పార్కు మీకు దగ్గరే, లోపల నడకదారి ఉంది, ఎత్తు తక్కువగా ఉన్న భాగం చూసుకుని అక్కడే అటూ ఇటూ తిరగండి, చుట్టు పూర్తి చేయాలన్న పట్టుదల వద్దు. వదినగారి తోడు వదులుకోవద్దు. ఆమెను మీ పది నిమిషాలకు రమ్మనండి, తరువాత ఆమె తన నడకకు వెళ్తారు. తోడు ఉన్న నడక ఎక్కువ రోజులు నిలుస్తుంది. వాన పడిన రోజున తడిసిన ఫుట్‌పాత్ టైల్స్ జారుతాయి, ఆ రోజు సెల్లారులో నడవండి. వారానికి రెండు రోజులు, కుర్చీలోంచి చేతులు ఆనించకుండా పదిసార్లు లేచి కూర్చోవడం, వంటగది గట్టు పట్టుకుని మడమలు పైకి లేపి మెల్లగా దించడం పదిసార్లు చేస్తే కాళ్లకు బలం వస్తుంది. మడమలు లేపే వ్యాయామం మాత్రం పొద్దున నొప్పి తగ్గాకే మొదలుపెట్టండి.

కొన్ని లక్షణాలకు ఈ సలహాలేవీ వర్తించవు, డాక్టరే కావాలి. ఒక్క కాలే వాచి, వేడెక్కి, పిక్క నొప్పిగా ఉంటే ఆ రోజే వెళ్లండి, రక్తనాళంలో గడ్డ కట్టి ఉండవచ్చు. ప్రతిసారీ ఇంచుమించు ఒకే దూరం నడిచాక పిక్క పట్టేసి, నిలబడితే తగ్గిపోతుంటే కాలికి రక్తం సరిగా అందుతోందో లేదో చూపించుకోవాలి. నడుము నుంచి కిందికి లాగుతూ, కూర్చుంటేనో ముందుకు వంగితేనో తగ్గేది వెన్నెముక సంగతి. ఎముక మీద ఒక్క వేలితో చూపించగలిగినంత చోటే గట్టిగా నొప్పి ఉన్నా, రాత్రి నిద్ర లేపే నొప్పి ఉన్నా నడక ఆపి చూపించుకోండి. నడుస్తుంటే ఛాతీలో బరువుగా అనిపిస్తే కాళ్ల మాట పక్కన పెట్టి వెంటనే ఆసుపత్రికి వెళ్లండి. షుగర్ అంచు మీద ఉన్నారు కాబట్టి స్నానం తరువాత అరికాళ్లు, వేళ్ల సందులు చూసుకునే అలవాటు ఇప్పటినుంచే చేసుకోండి, పొక్కు గాని తిమ్మిరి గాని కనిపిస్తే ఉపేక్షించవద్దు.

అరికాలి పొర మానడానికి కొందరికి కొన్ని నెలలు పడుతుంది, కాబట్టి రెండు వారాలకు నొప్పి పూర్తిగా పోకపోయినా కంగారు పడకండి, తగ్గుముఖం పట్టిందా లేదా అన్నదే చూడండి. తరగతి హాజరు పట్టీ లాంటి ఒక కాగితం మంచం పక్కన పెట్టుకుని, రోజూ పొద్దున మొదటి అడుగుకు ఎన్ని మార్కుల నొప్పి ఉందో, ఆ రోజు ఎన్ని నిమిషాలు నడిచారో రెండే అంకెలు రాయండి. ఆరు వారాల తరువాత ఆ కాగితంలోని అంకెలతో నాకు మళ్లీ ఉత్తరం రాయండి, అప్పుడు ఎక్కడ పెంచాలో ఎక్కడ ఆగాలో కలిసి చూద్దాం.